అరచేతిలో ఓరెగానో

జెర్సీ సిటీ,
మార్చి 6, 1984

శ్రీమతి భానుమతి గారికి యోగానంద్ నమస్కారాలు.

మనకి పరిచయం లేదు. మన తెలుగు సంఘం పత్రికలో మీరు రాసే ‘మధ్యధరా వంటలు’ చదివి రాస్తున్నాను. గ్రీకువాళ్ళ శనగల కూరలో ఓరెగానో ‘తగినంత’, రోజ్‌మేరీ ‘కొద్దిగా’ వెయ్యమన్నారు. నేను రంగుల కంపెనీలో కెమిస్టుని. ‘తగినంత’ అని రిపోర్టులో రాస్తే మా మేనేజరు నన్ను ఇంటికి పంపేస్తాడు. దయచేసి గ్రాముల్లో చెప్పండి.

నా అవసరం ఏమిటంటే, మా అమ్మాయి మీనా నికోస్ అనే గ్రీకు కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంటానంది. నేను ససేమిరా అన్నాను. నా మాట కాదంటే ఈ గడప తొక్కొద్దని కూడా అన్నాను. తొక్కడం మానేసింది. ఆర్నెల్ల తర్వాత మొన్న ఫోన్ చేసి, ఆ అబ్బాయినీ వాళ్ళమ్మనీ ఏప్రిల్ మొదటి శనివారం భోజనానికి తీసుకొస్తానంది. ఆవిడకి ఈస్టర్ ముందు ఉపవాసాలట, మాంసం, గుడ్డు, పాలు ముట్టదు. సంతోషం పట్టలేక, గ్రీకు వంటే వండి పెడతానని నోరు జారాను. మా ఆవిడ పోయాక నేను వండింది చారూ అన్నమే. ఈ భోజనం చెడిందంటే మా అమ్మాయి మళ్ళీ రాదు. నాకున్నది అదొక్కతే.

ఇట్లు, మీ జవాబు కోసం ఎదురుచూసే
యోగానంద్

తా.క.: ఓరెగానో డబ్బా కొన్నాను. మూత తీస్తే వాము వాసన. కొట్టువాడు నన్ను మోసం చెయ్యలేదు కదా?


ఇర్వింగ్, టెక్సాస్,
మార్చి 12

యోగానంద్ గారికి నమస్కారం.

మిమ్మల్నెవరూ మోసం చెయ్యలేదు. ఓరెగానోకీ వాముకీ వాసనలో చుట్టరికం ఉంది. నేనూ మొదటిసారి అలాగే తెల్లబోయాను. ఇక్కడికి దగ్గర్లో ఒక గ్రీకు కొట్టుంది. శనివారాలు డ్రైవ్ చేసుకుని వెళ్ళి, డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూడ్డం నాకు సరదా. కొట్టాయన మొదట్లో కసిరేవాడు, ఇప్పుడు కుర్చీ వేస్తున్నాడు.

శనగలు రాత్రంతా నానబెట్టి, ఉల్లిపాయలూ బిర్యానీ ఆకూ వేసి సన్నటి సెగమీద మెత్తగా ఉడికించండి. ఓరెగానో అరచేతిలో వేసుకుని బాగా నలపండి. వాసన గుప్పుమన్నాక చల్లండి. ఆలివ్ నూనె, నిమ్మరసం ఆఖర్న. గ్రాములు అడక్కండి, మా ఇంట్లో తూకం లేదు. అరచేతి గుంటలో పట్టినంత వెయ్యండి, అంతే లెక్క.

కూర కుదరాలనీ, మీ అమ్మాయి రావాలనీ కోరుకుంటూ,
భానుమతి

తా.క.: రోజ్‌మేరీ ఒక్క రెమ్మ చాలు. ఉడికాక తీసి పారెయ్యాలి. పొరపాటున కూడా పోపులో వెయ్యకండి.


జెర్సీ సిటీ,
మార్చి 17

భానుమతి గారికి నమస్కారాలు.

మీ తాజాకలం ఒకరోజు ఆలస్యంగా అందింది. ఆ రోజ్‌మేరీ చూడ్డానికి సరుగుడు ఆకులా ఉంది. కరివేపాకు బదులేమో అనుకుని కట్టంతా దూసి పోపులో వేశాను. స్మోక్ అలారం మోగింది. పక్క అపార్ట్‌మెంట్ శ్యామ్‌సుందర్ పరిగెత్తుకొచ్చి, కంపెనీ పని ఇంటికి తెచ్చుకున్నారా అని అడిగాడు. టర్పెంటైన్ వాసన అంటాడు. కాదనలేకపోయాను.

రెండోసారి రెమ్మ తీసేశాను. బాగానే ఉంది గానీ, ఓరెగానో దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. అరచేతి గుంట అన్నారు. ఎవరి అరచెయ్యి? నా గుంటెడు వేస్తే శనగల వాసనే తప్ప ఇంకేం రావడంలేదు. దయచేసి మీ అరచెయ్యి కాగితం మీద ఆనించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపండి. పరాయి ఆడవారిని ఇలా అడగడం మర్యాద కాదని తెలుసు. వేరే దారి లేక అడుగుతున్నాను.

అసలు ఆ శనివారానికి మీరే వచ్చి పక్కన నిలబడితే నాకు కొండంత ధైర్యం. దంపతులిద్దరూ రండి. టికెట్లు నేను బుక్ చేస్తాను.

మొహమాటపడుతూనే ఇంత అడిగిన
యోగానంద్

తా.క.: మీవారు అపార్థం చేసుకుంటారనుకుంటే, ఇకమీదట కవరు మీద ‘సంఘం చందా విషయం’ అని రాస్తాను. ఆ మాట చూస్తే ఎవరూ విప్పరు.


ఇర్వింగ్,
మార్చి 22

యోగానంద్ గారికి,

అరచెయ్యి గీసి పంపుతున్నాను. రావడం మాత్రం కుదరదు, ఏమీ అనుకోకండి. ఊరికి వెళ్ళాలంటే ఎందుకో ఇంట్లో చెప్పాలి. చెప్తే అంతా బయటపడుతుంది. నేనీ శీర్షిక రాస్తున్నట్టు ఇంట్లో తెలియదు. పత్రిక రాగానే దాచేస్తాను.

మా ఇంట్లో రెండోవారు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు. వంటింట్లో గరిట ఎక్కడుంటుందో కూడా తెలియదు. డ్యూటీ నుంచి వచ్చి కూర్చుంటే కంచం ముందుకి రావాలి. వండడం నాకిష్టమే, దానికి బాధ లేదు. కానీ ఈ సంగతి తెలిస్తే నా పని అయిపోయినట్టే.

మీ క్షేమం కోరే
భానుమతి

తా.క.: చెయ్యి కాస్త పెద్దగా కనిపిస్తుంది. కాగితం చిన్నదవడం వల్ల.


జెర్సీ సిటీ,
మార్చి 27

డాక్టర్ నరసింహం గారికి,

మీ ఇంటి కవరు మీది చిరునామా చీటీలో మీ పేరు చూసి రాస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

మీ శ్రీమతి అరచేతి గుర్తు నా ముందుంది. నా చెయ్యి పెడితే అందులో మునిగిపోయింది. ఒక ఆడమనిషి చెయ్యి అంతలా వాచిందంటే, ఆ ఇంట్లో ఎంత చాకిరీ చేయిస్తున్నారో ఊహించగలను. నాకు కడుపు మండిపోతోంది. ఆవిడ ఇష్టంగా నాలుగు ముక్కలు రాసుకుంటే అదీ మీకు దాచాల్సి వస్తోంది. ఎంత భయపెడితే దాస్తారు?

ఆవిడ ఎక్కడికి వెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో, ఏది ఇష్టపడాలో చెప్పడానికి మీరెవరండీ? మీరు గొంతు పెంచితే మనిషి నోరు మూసుకుంటుందేమో గానీ, మీమీద ప్రేమ పెరగదు. తప్పు మీది. మీరే ముందు మాట్లాడండి. క్షమించమని అడిగితే పరువేం పోదు.

మీకంటే పెద్దవాడినన్న ధైర్యంతో,
యోగానంద్

తా.క.: డాక్టరు కదా, కనీసం ఆ వాపుకైనా మందివ్వండి.


ఇర్వింగ్,
ఏప్రిల్ 5

యోగానంద్ గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం మీ చేతికిచ్చి, బిక్కమొహం వేసుకుని మీ గుమ్మంలో నిలబడ్డాయన మా ఆయన నరసింహం. ముందు లోపలికి రానివ్వండి.

ఈ ఇంట్లో డాక్టర్ని నేను. అందుకే ‘డాక్టర్’ అన్న మాట చూసి, నాకొచ్చిందే అనుకుని మీ ఉత్తరం విప్పాను. చదివాను. ఆయన్ని పిలిచి అడిగితే అంతా కక్కేశారు. మగవాడు రాసిన వంట ఎవరు చదువుతారని పత్రిక ఎడిటరు రాధాకృష్ణ గారన్నారట. అందుకని నా పేరు పెట్టుకున్నారట. పెళ్ళయినప్పట్నుంచీ ఈ ఇంట్లో వంట ఆయనదే. నాకు ఓరెగానో ఏదో ఎండుగడ్డి ఏదో తెలియదు. గరిట సంగతి కూడా నిజమే, ఈమధ్య ఎక్కడ పెడుతున్నారో మరి. మీరు మందిమ్మన్న చేతికి వాపు లేదు. ఆ చెయ్యే అంత.

నా పేరు వాడుకున్నందుకు ఆయనకి నేను వేసిన శిక్ష ఇదే. మీ పక్కన నిలబడి శనివారం వంట పూర్తిచేయిస్తారు.

అయితే యోగానంద్ గారూ, కూర ఎలా కుదిరినా మీ అమ్మాయి చూసేది కూరని కాదు. మీ ఉత్తరం ఇందులో పెట్టి తిరిగి పంపుతున్నాను. పైన ‘నరసింహం’ కొట్టేసి ‘యోగానంద్’ అని రాశాను. ‘శ్రీమతి’ అన్నచోట ‘మీనా’ అని దిద్దాను. ‘మీరెవరండీ’ అని అడిగిన పేరాలో మాత్రం ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు. మీరే రాశారు, చక్కగా రాశారు. వాళ్ళు రాకముందే మీనాకి ఫోన్ చేసి, ఆ ఒక్క పేరా చదివి వినిపించండి.

మీ కోపానికి నిజంగా కృతజ్ఞురాలు,
భానుమతి (అసలు)

తా.క.: ఆయన బ్యాగులో గుర్తుపట్టడానికి వీల్లేని ఎండు పచ్చాకు పొట్లాలు చాలా ఉన్నాయి. ఎయిర్‌పోర్టులో ఏం సమాధానం చెప్తారోనని నాకు బెంగగా ఉంది. మీరీ ఉత్తరం చదువుతున్నారంటే, పోలీసులు వదిలేశారన్నమాట.