పెట్టె మీద మీ అక్షరాలు

ప్రియమైన మీకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఫోను పట్టుకుంటే నాకు 'ఊ', 'ఊహూ' తప్ప మాట రాదని మీరే వెక్కిరిస్తారు కదా, అందుకే మళ్లీ ఉత్తరం. చదివింది అయిదో తరగతే అయినా కాగితం ముందు నాకు సిగ్గు ఉండదు.

నాకు పని దొరికింది. మన వీధి చివర సైకిళ్ల కొట్టు పైన కుట్టు షెడ్డు ఉంది కదా, అందులో. పన్నెండు మంది ఆడవాళ్లం. మేం కుట్టేది నిటారు బనియను. వీపు మీద రెండు సాగే పట్టీలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లి భుజాలను వెనక్కి లాగి పట్టుకుంటాయి. నడుము దగ్గర బూడిద రంగు గుడ్డ ముక్క ఒకటి వేస్తాం. అందులో నొప్పిని లాగేసే దారం ఉందని మా మేడం అంటుంది. నా చేతికి మాత్రం అది మామూలు దారంలాగే తెగుతుంది, మామూలు దారంలాగే ముడిపడుతుంది. అంత చదువుకున్నావిడ చెప్తుంటే నాకేం తెలుసని ఊరుకున్నాను.

మీకొకటి పంపుతున్నాను. మీరు వదిలేసి వెళ్లిన గళ్ల చొక్కా కొలత పెట్టి నేనే కుట్టాను. మేడంని అడగడానికే రెండు రోజులు పట్టింది.

మీ నడుము గుర్తొస్తే నాకు ముద్ద దిగదు. ఈ ఇంట్లోకి వచ్చిన రోజు కూలి మనిషిని పిలుద్దామని మీరంటే, "ఎందుకండీ దండగ" అన్నది నేను. నా కుట్టు మిషనును మూడంతస్తులు మీరొక్కరే మోశారు. మర్నాడు మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకున్నారు. ఆ నడుముతోనే ఇప్పుడు అంత దూరంలో, గోదాములో టైల్సు పెట్టెలు దించుతున్నారు. రోజూ తొడుక్కోండి. తగ్గిందో లేదో తప్పకుండా రాయండి.

మీ ఇంటి మనిషి

•

ప్రియమైన మౌనమ్మకు,

బనియను అందింది. గదిలో నలుగురం ఉంటాం, నలుగురూ దాన్ని తిప్పి తిప్పి చూశారు. ఎడమ చెయ్యి ఎక్కడ దూర్చాలో తెలియక నేను గింజుకుంటుంటే వంటాయన "అది బనియనా, చేపల వలా?" అన్నాడు.

తొడుక్కున్నాక మాత్రం ఏం చెప్పను. నాలుగో రోజుకల్లా నొప్పి పత్తా లేదు. పెళ్లాం కుట్టిన బనియను తొడుక్కున్నాక నాకు నడుము ఉందన్న సంగతే మర్చిపోయాను. మా మేస్త్రీ "ఏంట్రా, కర్ర మింగావా?" అంటున్నాడు, అంత నిటారుగా నిలబడుతున్నాను.

కాబట్టి ఇక కుట్టు మిషను మాట ఎత్తకు. ప్రతి ఉత్తరంలోనూ అదే పాట. ఆ కథ అయిపోయింది. వేళకి తిను.

నీ వాడు

•

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో, మడత దగ్గర కాగితం చిరిగింది. షెడ్డుకి కూడా పట్టుకెళ్లాను. మధ్యాహ్నం అందరం డబ్బాలు విప్పుకునే వేళ కత్తెరక్క దాన్ని నా ఒళ్లోంచి లాక్కుంది. ఆవిడ మాకు గుడ్డ కత్తిరించి ఇస్తుంది, నోరు కూడా ఆ కత్తెర అంత పదునే. అందరికీ గట్టిగా చదివి వినిపించింది. 'పెళ్లాం కుట్టిన బనియను' అన్నచోట ఒకటే నవ్వులు. నేను కిందపడ్డ సూది వెతుకుతున్నట్టు మిషను కిందికి వంగిపోయాను.

తల ఎత్తేసరికి మేడం తలుపు దగ్గర ఉంది. "డబ్బిచ్చి రాయించినా ఇంత బాగా రాయరమ్మా. ఈ నాలుగు వాక్యాలు బనియన్ల పెట్టె మీద వేసుకోనా?" అంది. నాకు ఎవరికీ వద్దని చెప్పే అలవాటు లేదు కదా. తలూపాను.

ఇప్పుడు ప్రతి పెట్టె మీదా మీ అక్షరాలే. పేరు వేయలేదు గానీ మీ చేతిరాతను ఉన్నదున్నట్టు అచ్చు వేశారు. కొట్ల అద్దాల్లోంచి మీరు నన్ను పలకరిస్తున్నట్టు ఉంటుంది. గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి.

మన భవనంలో మెట్లు ఊడ్చే పిన్ని కూడా ఒకటి కొన్నది. ఆవిడకి నడుము నుంచి ఎడమ కాలి దాకా లాగుతోంది, బొటనవేలు తిమ్మిరి. పెద్దాసుపత్రికి వెళ్లమని క్లినిక్కులో చీటీ రాసిచ్చారు. చదువు రాదు కదా, పెట్టె నా చేతికిచ్చి ఏం రాశారో చదవమంది. చదివాను.

"మీ ఆయన అన్నాడంటే ఇంక డాక్టరెందుకే అమ్మాయ్. నెల రోజులు ఇది తొడుక్కుని చూస్తా. ఆసుపత్రి ఎక్కడికీ పారిపోదుగా" అని ఆ చీటీ మడిచి బియ్యం డబ్బాలో పెట్టేసింది.

మీరు ఇంకో నాలుగు మాటలు రాసి పంపితే మేడం సంతోషిస్తుంది.

మీ ఇంటి మనిషి

•

మౌనమ్మకు,

నా ఉత్తరం పెట్టె మీద వేయించడమేమిటి? అది నీకు రాసింది, ఊరందరికీ కాదు. తీసేయమని మీ మేడంతో చెప్పు.

పిన్నిని ఆసుపత్రికి వెళ్లమను. బనియను తొడుక్కునే వెళ్లినా సరే, వెళ్లమను.

నాకిక్కడ పని మార్చారు. ఇప్పుడు బరువులు లేవు. ఎందుకని అడక్కు, వచ్చినప్పుడు చెప్తాను.

నీ వాడు

•

ప్రియమైన మీకు,

పదహారు రోజులు జవాబు రాయలేదు. మీ ఉత్తరం మొదట్లో ఎప్పుడూ ఉండే 'ప్రియమైన' లేదు. మీకు కోపం వచ్చిందనుకున్నాను, కోపంలో ఉన్నవాళ్లతో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. మేడం గది దాకా మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆవిడే "ఏమ్మా?" అంది. "దారం అయిపోయిందండీ" అని రెండు రీళ్లు తెచ్చుకుని వచ్చి కూర్చున్నాను.

పిన్నికి ఒకసారి చెప్పాను, మీరు ఆసుపత్రికి వెళ్లమన్నారని. "తనకి నయమైంది కదా, ఇప్పుడు అందరి మీదా జాలి పుట్టుకొస్తోంది" అని నవ్వింది. రెండోసారి చెప్పలేదు.

నిన్న మూడో అంతస్తు మెట్ల మీద ఆవిడ ఎడమ చెప్పు ఒక్కటే పడి ఉంది. కిందికి తీసుకెళ్లి ఇస్తే, "ఊడిపోయిందా? నాకు తెలియనే లేదే" అంది. కాలు ఈడుస్తోంది. చీపురు కర్ర ఊతంగా పట్టుకుని నడుస్తోంది. "నొప్పి కిందికి దిగుతోందంటే బయటికి పోతోందన్నమాట. మీ ఆయన రాసింది అదేగా" అంది. మీరు అలా రాయలేదు. ఆవిడకి మాత్రం అలాగే గుర్తుండిపోయింది.

ఇంకోటి. మొన్న బూడిద రంగు గుడ్డ తాను వచ్చింది. చుట్టిన కాగితం మీద 'సంచుల లోపలి గుడ్డ' అని రాసి ఉంది. నేను చదివాను. కత్తెరక్క కూడా చదివింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఆవిడ కత్తిరించింది, నేను కుట్టాను.

మిమ్మల్ని నేను ఎప్పుడూ నిలదీయలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మీ నొప్పి నిజంగా పోయిందా? ఒక్క మాట రాయండి చాలు. పిన్ని మీ మాట పట్టుకునే ఆగింది.

మీ ఇంటి మనిషి

•

ప్రియమైన మౌనమ్మకు,

పోలేదు.

ఒక్క మాట అడిగావు, ముందు అది రాశాను. మిగతాది కూడా విను.

బనియను మూడు రోజులు తొడుక్కున్నాను. మొదటి గంట బాగానే ఉంది. వెచ్చగా ఉంది, భుజాలు వాలినప్పుడల్లా ఎవరో వెనక్కి లాగినట్టు గుర్తుచేసింది. విప్పితే మళ్లీ మామూలే. చంకల్లో ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. నాలుగో రోజు దాన్ని మడిచి దిండు కింద పెట్టి, నీకు ఆ ఉత్తరం రాశాను. ఆ వారమే పెట్టె ఎత్తబోయి కూలబడ్డాను. అప్పటి నుంచి మేస్త్రీ నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టి లారీల నంబర్లు రాయిస్తున్నాడు.

ఇక్కడి ఆసుపత్రిలో వ్యాయామం చేయించే ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. బనియను చూపిస్తే తిట్టలేదు. "హాయిగా ఉందనిపిస్తే కాసేపు తొడుక్కో. సరిగ్గా కూర్చోమని గుర్తుచేస్తుంది, అంతకన్నా దాని మీద ఆశ పెట్టుకోకు. నడుముకి పని చెప్పాలి, అప్పుడే అది బాగుపడుతుంది. కాలు మొద్దుబారినా, పట్టు తప్పినా మాత్రం ఒక్కరోజు ఆగకూడదు" అంది. రోజూ ఆవిడ చెప్పినట్టు చేస్తున్నాను, నడుస్తున్నాను. ఇప్పుడిప్పుడే కాస్త తేలిక.

అబద్ధం ఎందుకు రాశానంటే, నువ్వు ప్రతి ఉత్తరంలోనూ మిషను మోయించానని ఏడుస్తుంటే చదవలేకపోయాను. నొప్పి పోయిందంటే నీ మనసు కుదుటపడుతుందనుకున్నాను.

దానికింద ఇంకో అబద్ధం ఉంది. నా నడుము మిషను వల్ల పట్టలేదు. మన పెళ్లికి ఏడాది ముందే ఇసుక దించుతూ పట్టేసింది. మిషను దాన్ని కాస్త కదిలించి ఉంటుంది, అంతే. గోడ పట్టుకుని లేచిన రోజే చెప్దామనుకున్నాను. సాయంత్రం నువ్వు వేడినీళ్లలో గుడ్డ ముంచి తెచ్చి నా నడుముకి కాపడం పెట్టావు. పెళ్లయిన నాలుగు నెలల్లో నీ అంతట నువ్వు నా మీద చెయ్యి వేయడం అదే మొదలు. నిజం చెప్తే ఆ చెయ్యి తీసేస్తావేమోనని చెప్పలేదు. తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు.

ఈ ఉత్తరం పిన్నికి చదివి వినిపించు. నా మాట మీద ఆగిన మనిషి, నా మాట మీదే లేస్తుంది.

నీ వాడే, నువ్వింకా అలా అనుకుంటే

•

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం మెట్ల మీదే విప్పాను. మొదటి మాట చూడగానే ఇంట్లోకి కూడా వెళ్లకుండా పిన్ని గదికి దిగాను. ఆవిడ ముందు కూర్చుని మొత్తం చదివాను. కాపడం సంగతి దగ్గరికి వచ్చేసరికి కాగితం మడవబోయాను. వదిలేద్దామనుకున్నాను. అది లేకపోతే మీరెందుకు అబద్ధం ఆడారో ఆవిడ నమ్మదనిపించింది. అదీ చదివాను.

"అంటే అతనికి నయం కాలేదా?" అంది.

"లేదు పిన్నీ."

"మరి నువ్వే కదే నాకు చదివి చెప్పావు."

లేచి బియ్యం డబ్బాలోంచి ఆ క్లినిక్కు చీటీ తీశాను.

ఆ పూటే బండి మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నరం నొక్కుకుపోయిందన్నారు. ఆపరేషను చేసి నాలుగు రోజులైంది. నొప్పి తగ్గింది. పాదానికి స్పర్శ పూర్తిగా రావచ్చు, రాకపోవచ్చు, నెల ముందు వస్తే బాగుండేది అన్నాడు డాక్టరు. ఆ నెల ఎటు పోయిందో నాకు తెలుసు. 'సగం తప్పు నాది' అని మీరు రాస్తారు. రాయకండి. మీరు అబద్ధం నా ఒక్కదానికే రాశారు, దాన్ని వీధిలో పెట్టింది నేను. మీరు పిన్నిని పంపమన్నాక కూడా పదహారు రోజులు నోరు మూసుకున్నది నేను.

మిషను సంగతికి మీ మీద కోపం వచ్చింది. ఇన్నాళ్లు ముద్ద దిగకుండా చేశారు. ఆ కోపం ఉత్తరంలో పట్టదు, మీరు వచ్చాక చూపిస్తాను. చెయ్యి మాత్రం తీసేసేదాన్ని కాదు.

మేడం దగ్గరికి వెళ్లి ఉత్తరం ముందు పెట్టాను. "ఒక్కడికి తగ్గకపోతే ఎవరికీ తగ్గదనా? పెట్టెలన్నీ అచ్చయిపోయాయి" అంది. "మా ఆయన మాటలు తీసేయండి, అవి నిజం కాదు" అన్నాను. "తీసేస్తే రేపు నువ్వేం కుడతావు?" అంది. నేను నిలబడే ఉన్నాను. కత్తెరక్క లేచి వచ్చి నల్ల సిరా కలం నా చేతిలో పెట్టింది. "కొట్టెయ్, ఎవరొస్తారో నేను చూస్తా" అంది. షెడ్డులో ఉన్న పెట్టెలన్నిటి మీదా మీ అక్షరాలు నేనే కొట్టేశాను. మేడం ఆపలేదు. సాయంత్రం మాత్రం ఇక రావద్దంది. కొట్లకి వెళ్లిపోయిన పెట్టెలు నా చేతికి అందవు. అవి ఎవరెవరు చదువుతున్నారో అని కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను.

పిన్ని పని పోకుండా మెట్లు నేను ఊడుస్తున్నాను. జీతం ఆవిడదే. ఇకమీదట మీకు నొప్పి ఉంటే ఉందనే రాయండి.

రోజూ ఆసుపత్రికి వెళ్తాను. ఆవిడ కళ్లు మూసుకుంటే నేను కాలి వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకోవాలి, ఏ వేలో ఆవిడ చెప్పాలి. అలా చేయించమన్నారు. నిన్న చిటికెన వేలు చెప్పింది. దాని పక్క వేలు కాసేపు ఆగి చెప్పింది. బొటనవేలు పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ మాట్లాడలేదు. చివరికి, "ఇంకా పట్టుకోలేదేమే?" అంది.

ఇదిగో ఇప్పుడే పట్టుకోబోతున్నా అందామని నోటి దాకా వచ్చింది. అది వింటే ఆవిడ ఆ పూట హాయిగా పడుకునేది.

"పట్టుకునే ఉన్నాను పిన్నీ" అన్నాను.

ఆవిడ కళ్లు తెరవలేదు. "అయితే ఇంకాస్త గట్టిగా పట్టుకో" అంది.

మీ ఇంటి మనిషి