జరిగినదే రాయబడును

ఫిబ్రవరి 5, 1979. సోమవారం.
తిరుపతిలో ఉపకులపతిగా చేరి నెలయింది. బ్యాంకు వాళ్ళిచ్చిన డైరీ ఇన్నాళ్ళకు తెరిచాను. తీర్మానం! ఇకపై ప్రతి సోమవారం అధ్యాపకులందరికీ ఉపకులపతి లేఖ. క్యాంపస్ వార్తలు, పరిశోధనలు, కొత్త కోర్సులు. నియమం ఒక్కటే: జరిగినదే రాస్తాను. నా ముందున్నాయన లేఖలు చూశాను. త్వరలో కంప్యూటరు, త్వరలో మ్యూజియం, త్వరలో మరుగుదొడ్లు. పాపం, అన్నిటికంటే త్వరగా ఆయనే వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 8.
వార్తలు పంపమని శాఖలన్నిటికీ సర్క్యులర్ వేశాను. తెలుగు శాఖ నుంచి పెళ్ళి శుభలేఖ వచ్చింది. వృక్షశాస్త్రం నుంచి, పాడి ఆవు అమ్మకానికి ఉందని చీటీ. చరిత్ర శాఖ వారు చంద్రగిరి కోటలో పరిశోధన చేశారట. ఏం తేలిందని అడిగితే పులిహోర బాగా కుదిరిందన్నారు. గణితం వాళ్ళు ఏమీ పంపలేదు. నిజాయితీపరులు!

ఫిబ్రవరి 12. సోమవారం.
మొదటి లేఖ వెళ్ళింది! అర పేజీ. అంతా నిజం. లైబ్రరీకి కొత్త పుస్తకాలు, హాస్టలు బోరులో నీళ్ళు. అందరూ బోరు గురించే అడిగారు. అయినా చదివారు కదా.

ఫిబ్రవరి 16. శుక్రవారం.
రేపు పదకొండింటికి ఢిల్లీ ప్రొఫెసర్ గారి ఉపన్యాసం, గ్రామీణ ఆర్థిక వ్యవస్థ మీద. నా టైపిస్టు సుబ్రమణ్యం వచ్చి తల గోక్కున్నాడు.
"రేపు కాణిపాకం పోతాండాను సార్. మొక్కు ఉండాది. సోమవారం పొద్దున్నే లేఖ పంచాలంటే కాపీలు తీసే స్టెన్సిల్ ఈపొద్దే కొట్టేయాల."
"జరగందే ఎట్లా రాస్తామయ్యా?"
"జరక్క యాడికి పోతాది సార్?"
సబబే. మైకు వచ్చింది, పూలదండ వచ్చింది, ప్రొఫెసర్ గారు అతిథి గృహంలో నిద్రపోతున్నారు. ఇంకేం కావాలి? చెప్పి కొట్టించాను: 'కిక్కిరిసిన సభలో ఢిల్లీ ప్రొఫెసర్ గారు ఆలోచింపజేసే ఉపన్యాసం ఇచ్చారు. అధ్యాపకులు పదునైన ప్రశ్నలు వేశారు.' దీన్ని నియమభంగం అనరు. ముందుచూపు అంటారు.

ఫిబ్రవరి 17. శనివారం.
ఉ. 5: ప్రొఫెసర్ గారు కొండకు వెళ్ళారు. పదింటికల్లా దిగి వస్తానన్నారు. తిరుపతి వచ్చిన ఏ పండితుడు కొండెక్కకుండా నోరు విప్పాడు కనుక!
11: రాలేదు.
11.30: హాల్లో నేను, పదిమంది విద్యార్థులు, అర్థశాస్త్రంలో తాత్కాలిక లెక్చరర్‌గా ఉన్న తులసీరాం. మిగతా అధ్యాపకులు ఒక్కరూ లేరు.
12: కొండ మీంచి ఫోను. గుండు చేయించుకున్నారట. ఇంకా క్యూలోనే ఉన్నారట. దర్శనం అయ్యాక అటే రేణిగుంట వెళ్ళి రైలెక్కుతారట. ఉపన్యాసం కూడా తలనీలాలతో పాటు సమర్పించుకున్నట్టున్నారు.
పిల్లలు లేవబోయారు. తులసీరాం ముందుకొచ్చాడు. "సార్, మైకుకి బాడుగ ఇచ్చేసినాము గదా. నేను కొంచేపు మాట్లాడేదా?"
నగరిలో నేతపని వాళ్ళ అబ్బాయి. చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చాక ఒక వీధిలో ఏమైందో ఇంటింటికీ తిరిగి తెలుసుకున్నాడు. అదే చెప్పాడు. "మా నాయనకి పని తగ్గలేదు. కానీ ముందు ఆయన్ని నేతగాడనే వాళ్ళు. ఇప్పుడు మిషను కాడ నిలబడే మనిషి అంటారు" అన్నాడు. గంటసేపు ఒక్కరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత మంచి ఉపన్యాసం వినలేదు. లేఖ మార్చాలి. తప్పదు!

ఫిబ్రవరి 19. సోమవారం.
ఆఫీసుకు వెళ్ళేసరికే లేఖలు పంచేశారు. వెనక్కి తెప్పిద్దామని గంట కొట్టబోయాను. అర్థశాస్త్రం ప్రొఫెసర్ ఏకాంబరం లోపలికి వచ్చాడు.
"ఏమి ఉపన్యాసం సార్! ఢిల్లీ ఆయన ఢిల్లీ ఆయనే. నేను వెనక వరసలో కూర్చోని ఇన్నాను. నా ప్రశ్నకి మాత్రం కొంచెం తడబడినాడు."
గంట మీంచి చెయ్యి తీసేశాను. మధ్యాహ్నానికి ఇరవై మంది అభినందించారు. ఒకాయన నోట్సు కూడా రాసుకున్నాడట! నేను పెట్టిన ఏ సభకూ ఇంతమంది రాలేదు, ఈ జరగని సభకు తప్ప.
సవరణ వచ్చే సోమవారం.

ఫిబ్రవరి 26.
సవరణ వేస్తే ఇరవై మందిని అబద్ధాలకోరులు అన్నట్టే. నాతో కలిపి ఇరవై ఒక్కమంది. వచ్చే సోమవారం చూద్దాం.

మార్చి 5.
స్టెన్సిల్ కాగితాలు అయిపోయాయి. నా తప్పు కాదు.

మార్చి 12.
కాగితాలు వచ్చాయి. నాకు జలుబు.

మార్చి 23. శుక్రవారం.
అర్థశాస్త్రంలో పర్మనెంటు పోస్టుకు ఇంటర్వ్యూ. తులసీరాం గడువు ఈ నెలాఖరుతో సరి. ఇది రాకపోతే ఇంటికే. కమిటీకి అధ్యక్షుణ్ణి నేను, ఏకాంబరం సభ్యుడు.
బహిరంగ ఉపన్యాసం ఎప్పుడైనా ఇచ్చారా అని బయటినుంచి వచ్చిన సభ్యుడు తులసీరాంని అడిగాడు.
"ఇచ్చినాను సార్. పోయిన నెల పదిహేడో తేదీ, మన హాల్లోనే."
ఏకాంబరం నవ్వాడు. "ఆ పొద్దు మాట్లాడింది ఢిల్లీ ఆయనప్పా! నేను ఈ చెవులతో ఇన్నాను. సారు లేఖలో కూడా ఉండాది, సూడు."
లేఖ చేతులు మారింది. అందరూ చదివారు.
"సారు ముందు వరసలోనే ఉండినారు" అన్నాడు తులసీరాం. నన్నే చూస్తున్నాడు.
మంచినీళ్ళు తాగాను. "నాకు సరిగ్గా గుర్తులేదు" అన్నాను.
పోస్టు ఇంకొకరికి పోయింది. తులసీరాం అబద్ధమాడాడని మినిట్స్‌లో రాయబోతే నేనే వద్దన్నాను. ఎంత ఉదారుణ్ణో! ఛీ.

మార్చి 31. శనివారం.
తులసీరాం సెలవు తీసుకోవడానికి వచ్చాడు. ఏదైనా కాలేజీకి సిఫారసు ఉత్తరం రాసిస్తానన్నాను.
"వద్దు సార్. మీరు రాస్తే నేను చేసింది ఇంకొకరిదైపోతాది."
కోపంగా అనలేదు. నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఏప్రిల్ 2. సోమవారం.
కొత్త ఆర్థిక సంవత్సరం! ఆగిపోయిన లేఖ మళ్ళీ మొదలు. నియమం పాతదే: జరిగినదే రాస్తాను. ఈసారి గట్టిగా!
పొద్దున్నే సుబ్రమణ్యాన్ని కూర్చోబెట్టి చెప్పాను. "అర్థశాస్త్ర శాఖలో నియామకం పూర్తయింది. ఎంపిక కేవలం ప్రతిభను బట్టే జరిగింది. శ్రీ తులసీరాం సొంత కారణాల వల్ల వెళ్ళిపోయారు. వారికి అధ్యాపకులందరూ ఘనంగా వీడ్కోలు సభ జరిపారు."
టైపు మిషను ఆగింది. "వీడ్కోలు సభ ఎప్పుడు జరిగింది సార్?"
"ముందు కొట్టవయ్యా" అన్నాను.