రామక్క పాటల పేజీ

2001 జూన్ 3, ఆదివారం, పుంగనూరు

ఈరోజు మూడు కంప్యూటర్ల మీదా ఎక్స్‌ప్లోరర్‌ది ఆ నీలం e గుర్తు తీసేశాను. ఇక నా నెట్ సెంటర్లో పేజీలు చూడాలంటే నెట్‌స్కేప్ ఒక్కటే. బయట బోర్డు మీద కూడా రాయించాను. ఎదురుగా ఉమాపతి సెంటర్లో ఎక్స్‌ప్లోరర్. మదనపల్లెలో కోర్సు చేసేటప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ. నాకు నెట్‌స్కేప్ నేర్పింది కూడా వాడే. ఇప్పుడు మాటల్లేవు. సరిగ్గా నా ఎదురుగానే పెట్టాలా? ఊర్లో ఇంకెక్కడా రూమే దొరకలేదా?

కాలేజీ పిల్లలు సినిమా హీరోల మాదిరి మమ్మల్ని పంచుకున్నారు. జయచంద్రన్న పార్టీ, ఉమాపతన్న పార్టీ. అబద్ధమెందుకు, నాకు బాగానే ఉంది.

జూన్ 18, సోమవారం

చౌడేపల్లె పక్కనుంచి రామక్క అనే అవ్వ వచ్చింది. వేరుశనగ చేలల్లో కలుపు తీసేటప్పుడు పాట ఎత్తేది ఆమేనట. వెనక అందుకునే ఐదుగురు ఆడవాళ్ళనూ వెంటబెట్టుకుని వచ్చింది. అందరూ కొత్త చీరలు, తలలో కనకాంబరాలు. మనవరాలు రోజా చేతిలో వెబ్ అడ్రస్ చీటీ. కుప్పం నుంచి ఉషారాణి అనే మేడమ్ వచ్చి మూడు పాటలు రాసుకుందట, ఇంటర్నెట్‌లో వేస్తానందట. రోంత సూపియ్యప్పా అంది అవ్వ.

పేజీ తెరుచుకోవడానికి పది నిమిషాలు. తెలుగు ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తులు, డాలర్లు, ఏవేవో కొమ్ములు. ఎదురు సెంటర్లో అడుగుదామా అవ్వా అంది రోజా.

ఆ మాటకు నాకు సర్రుమంది. ఇవి నీ పాటలు కాదవ్వా, ఆ మేడమ్ ఏమీ వేయలా, యాడికి పోయినా ఇదే వస్తాది అనేశాను. నావి గావా అప్పా అని రెండుసార్లు అడిగింది. కాదన్నాను. ఐదుగురూ ఆమె వైపు చూశారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ మెట్లు దిగిపోయింది.

జూన్ 19

ఉమాపతి ఎదురుపడ్డాడు. వాడే ముందు నవ్వాడు. నేను జేబులో తాళాలు వెతుక్కున్నాను.

ఆగస్టు 9, గురువారం, కుప్పం, సాయంత్రం 6

అక్క వాళ్ళింటికి వచ్చాను. స్టేషన్ దగ్గర నెట్ సెంటర్ కనిపిస్తే కూర్చున్నాను. ఇక్కడ అన్నిటి మీదా e నే. ఊరకే రోజా చీటీలోని ఆ అడ్రస్ కొట్టాను. ఇన్నాళ్ళూ మరిచిపోలేదు మరి.

తెలుగు. గుండ్రంగా, శుభ్రంగా. పైన రామక్క పేరు, కింద మూడు పాటలు.

అడుగున ఉషారాణి ఫోన్ నంబరుంటే ఎస్‌టీడీ బూత్ నుంచి చేశాను. అవ్వ దగ్గర ఇంకా నలభై పాటల దాకా ఉన్నాయట, వేరెవరికీ పూర్తిగా రావట. రాసుకోవడానికి జూలైలో మళ్ళీ పోతే ఆమె ఒక్క పాటా పాడలేదట. ఇంటర్నెట్‌లో ఉండానని టాంటాం ఏసుకునిందని అందురూ నవ్వతాండారు, నాకొద్దమ్మా మీ సావాసం అని ఏడ్చిందట.

అవ్వ వచ్చినరోజు డైరీలో రాయనిది ఒకటుంది. ఆ పేజీ అడుగున ఇంగ్లిష్‌లో ఒక లైను ఉండింది, ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి అని. నేను చదివాను. రోజా కంటబడకముందే పేజీని మళ్ళీ మొదటికి జరిపేశాను. నేను తీసేసింది e గుర్తు మాత్రమే, ప్రోగ్రాం లోపలే ఉండింది. దాన్ని తెరవడం రెండు నిమిషాల పని. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఆగస్టు 10, పుంగనూరు

మొదటిసారి ఉమాపతి సెంటర్లో అడుగుపెట్టాను. జరిగిందంతా చెప్పాను. వెంటనే మూడు పాటలూ ప్రింట్ తీసిచ్చాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 12, ఆదివారం

రామక్క వాళ్ళ ఊరికి పోయాను. చేనులో ఆరుగురూ వరసగా కలుపు తీస్తున్నారు. ఎవరూ పాడటం లేదు. గట్టు మీద నిలబడి మూడు పాటలూ చదివాను. తప్పు నాది, ఇవి నీ పాటలే అవ్వా అన్నాను.

రామక్క తల ఎత్తలేదు. నావి గాదని నువ్వే గదప్పా సెప్తివి, అంది.