జవాబు చెప్పకూడని దీవెన

పారిస్, మార్చి 9

సొలాంజ్ అక్కా,

వచ్చే గురువారం నీకు గుండె ఆపరేషనని మీ చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట నువ్వే చెప్పాల్సింది. సరే, పోట్లాట తర్వాత.

నా మొదటి సినిమా గుర్తుందా? రూబే ఊళ్లో బట్టల మిల్లు నుంచి వచ్చిన పిల్లని. నా యాస విని దర్శకుడు మొహం చిట్లించి, "మళ్లీ ఇలాగే పలికితే ఇంకో అమ్మాయిని చూడండి" అన్నాడు. నా నడుం దగ్గర గౌను బిగించి కుడుతూ, పళ్ల మధ్య గుండుసూదులతోనే నువ్వు "పెంట!" అన్నావు. నాకు ఏడుపొచ్చింది. నటించబోయేవాళ్లని మన రంగంలో దీవించేది ఆ మాటతోనేనని నాకేం తెలుసు? తెలిశాక "థాంక్స్ అక్కా" అనబోతే నా నోరు మూసేశావు.

"ఊరుకోవే పిచ్చిదానా! దానికి థాంక్స్ చెబితే అంతా చెడుతుంది."

ఆ షాట్ ఒక్కసారికే ఓకే అయింది. ఆ తర్వాత ఇంకో నలభై ఒక్క సినిమాలు. ప్రతిసారీ నువ్వు తిట్టావు, నేను నోరు మూసుకున్నాను. బహుమతులు అందుకుంటూ అందరి పేర్లూ చెప్పాను, భయంతో నీ పేరొక్కటే మింగేశాను. నువ్వు ఏనాడూ అడగలేదు.

నిన్నటితో నటన మానేశాను. ఇక చెడడానికేం లేదు. థాంక్స్ అక్కా, నలభై రెండు సినిమాలకీ.

గురువారం పొద్దున్నే వస్తాను. రైలు ఆలస్యమైతే ఎలాగని ఆ మాట ఇక్కడే రాసేస్తున్నాను.

పెంట, అక్కా! జవాబు మాత్రం రాయకు.

నీ మిల్లు పిల్ల