ద్వీపం ఎవరిది

గురువారం

ఈరోజు తొమ్మిదో తరగతికి కొత్త నాటకం మొదలుపెట్టాను. రాజ్యం పోగొట్టుకున్న దొర ఒక ద్వీపం చేరి, మంత్రాలతో అక్కడివాణ్ణి లొంగదీసుకుని కట్టెలు మోయిస్తాడు. చివరికి దొర తన ఊరెళ్లిపోతాడని చెప్పాను.

"మరి ఆ కట్టెలు మోసేవాడు, టీచర్?" అంది సలోమి.

"ద్వీపం వాడికే మిగులుతుందమ్మా."

"మరి మాకేం మిగల్లేదే? తుళ్లూరులో రాజధానికి పొలాలిచ్చినోళ్లకి ప్లాట్లొచ్చాయి. కూలికెళ్లే మాకు పనే పోయింది. అందుకేగా ఇటొచ్చాం."

గంట కొట్టాక సలోమి దగ్గరికొచ్చి, రేపట్నుంచి బడికి రానని, అమ్మతో మిరపకోతలకు వెళ్తున్నానంది. "సరే" అన్నాను. అంతే అన్నాను.

ఇంటికొచ్చి అన్నం తిన్నాను. రుచి తెలియలేదు, ఏడుపూ రాలేదు. వాళ్లమ్మతో మాట్లాడాలి, కానీ ఏమని? రేపు హాజరు వేసేటప్పుడు ఆ పేరు పిలవాలో, వద్దో...