పల్లీల బస్తా, బట్టలారే మిషను

వనపర్తి, 9-8-2005

తమ్ముడు ఇస్రాయేలుకు, దేవుని దయతో అక్క బాగున్నది.

దవాఖానలో బట్టలుతికే నా పని పోతుందని నీ బిడ్డ మానసను ఇక్కడికి నర్సింగుకు పంపనన్నావట. పని పోలేదు. జరిగిందేమంటే, ముసురులో దవాఖాన దుప్పట్లు ఆరలేదు. బట్టలారబెట్టే మిషను నేనే చెడగొట్టానని పెద్ద నర్సమ్మ కోపం చేసింది. కొత్తకోట మెకానిక్ వచ్చి జాలీలో పేరుకున్న బట్టల నూగు తీశాడు. అయినా ఆరలేదు. గోడ అవతలికి పోయి మిషను గాలి గొట్టం చూసి నవ్వాడు.

"పెద్దమ్మా, మిషన్ ముక్కు మూసి పల్లీలు ఆరబెడ్తున్నవా? అది ఊపిరెట్ల ఇడుస్తది?"

నువ్వు పంపిన పల్లీలు తడిశాయని, వేడిగాలి వచ్చే గొట్టానికి బస్తా ఆనించి కట్టింది నేనే. ఒప్పుకున్నాను. బస్తా తీయగానే దుప్పట్లు ఆరాయి. నర్సమ్మ రెండు కాయలు ఒలిచి నోట్లో వేసుకుని, "పల్లీలైతే మంచిగ ఆరినయ్ సుగుణమ్మా, పోయి పని చూస్కో" అన్నది.

ఇప్పుడు రోజూ జాలీ దులుపుతున్నాను. గొట్టం లోపలి నూగు తీయడానికి మరదలితో ఒక పొడుగు చీపురు కట్టించి పంపు. అమ్మ దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా?

ప్రభువు మిమ్మల్నందరినీ చల్లగా చూడాలని అడుగుతున్నాను. మానసను సోమవారం బస్సెక్కించు. నా గదిలో దానికి మంచం వేయించాను.

మీ అక్క
సుగుణమ్మ