విశ్రాంతి తరువాతి సగం

ప్రియమైన టార్చిలైటు గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేనూ, హెడ్మిస్ట్రెస్ గారూ బాగానే ఉన్నాం. వేసవిలో జారిపడి విరిగిన ఆవిడ తుంటి ఎముక అతుక్కుంటోందని డాక్టరు అన్నాడు. నిన్న మంచం దిగి కుర్చీదాకా నాలుగడుగులు వేశారు. "నలభై ఏళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించాను, ఆ పాపమే ఇప్పుడు నన్ను మంచం ఎక్కించింది" అని ఆవిడే నవ్వారు.

ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా వేశారు. స్కూలు బస్సు డ్రైవరు, సంగీతం టీచరు కథ. డ్రైవరు మంచివాడే గానీ నోరు ఎక్కువ. టీచరమ్మ బస్సెక్కిన ప్రతిసారీ హారను పాటలా కొడతాడు. సరిగ్గా బ్రేకులు పోయి బస్సు లోయవైపు జారుతుండగా 'విశ్రాంతి' అని పడింది. ఏడయింది. "మందు ఇచ్చేసి టీవీ ఆపెయ్, నాకు నిద్ర ముఖ్యం" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. ముప్పైమంది పిల్లల్ని లోయ అంచున వదిలేసి నేను గిన్నెలు కడుక్కున్నాను.

దేవుడు మనకి భలే పంపకం చేశాడండీ. గేటు దగ్గర టికెట్లు చింపి, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి సీట్లు చూపించేసరికి మీకు మొదటి సగం అయిపోతుంది. నాకు రెండోది ఎన్నడూ దొరకదు. నా సగానికి అయిదుకి మూడున్నర వేశాను. ఈ వారం ఆ సినిమా మీ హాలుకి వస్తుందన్నారుగా, మీ సగం చూసి రాయండి. పిల్లలు ఏమయ్యారో ముందు రాయండి.

అద్దె ఇల్లు ఖాళీ చేసి మీరు హాలు మెట్లకింద, నేను ఈ ఇంట్లో పనికి చేరి పద్దెనిమిది నెలలైంది. హాలు మేడమీది రెండు గదులు మనకిస్తానని మీ ఓనరుగారు అన్న మాట ఎందాకా వచ్చింది? అవి మన చేతికొచ్చిన మర్నాడు నేనిక్కడ ఒక్కపూట ఉండను.

మీ
సగం టికెట్టు


ప్రియమైన సగం టికెట్టుకి,

పిల్లలు క్షేమం. బస్సు గడ్డివాములో దిగబడింది. డ్రైవరుకి కాలు విరిగింది, ఆ విరిగిన కాలితోనే పాట పాడాడు. తర్వాత విలన్ వచ్చి అతని చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఎందుకేడ్చాడో నువ్వే చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా తెరమీద జనం ఎందుకు ఏడుస్తున్నారో తెలియకుండానే చూస్తున్నాను. మా ఆపరేటరు అంటాడు, "నువ్వు పెళ్ళిభోజనానికి పాయసం వేళకి వచ్చేరకం" అని.

నా సగానికి రెండు. విరిగిన కాలితో పాటేమిటే! నీ మూడున్నరా నా రెండూ కలిపి పదికి అయిదున్నర. ప్యాసు.

జనం బాగా తగ్గారు. మొన్న రెండో ఆటకి పదకొండుమంది. సినిమా మా దగ్గరికొచ్చేసరికి మీ టీవీలో వచ్చేస్తోంది కదా. గదుల మాట ఓనరుగారిని మళ్ళీ అడిగాను. "వానలు వెళ్ళనీవయ్యా" అన్నారు. వెళ్ళిపోతాయిలే.

నువ్వు వేళకి తిను. ఆవిణ్ణి లేవనెత్తేటప్పుడు నడుం జాగ్రత్త.

నీ
టార్చిలైటు


ప్రియమైన టార్చిలైటు గారికి,

మీ ఉత్తరం చదువుతుంటే హెడ్మిస్ట్రెస్ గారు, "నీలో నువ్వే నవ్వుకుంటే ఎలా? పైకి చదువు" అన్నారు. సిగ్గేసింది. సినిమా సంగతి వరకే చదివాను. ఆవిడ కళ్ళు మూసుకుని విని, "పర్వాలేదు, మీ ఆయనకి చెప్పడం వచ్చు. అక్షరదోషాలకి అరమార్కు కోస్తున్నా" అన్నారు. ఇప్పుడు పోస్టుమాన్ కోసం నాకన్నా ముందు ఆవిడే కిటికీ వైపు చూస్తున్నారు.

ఈ ఆదివారం సినిమా అన్నదమ్ములది. ఇంటి నడిమధ్య గోడ కట్టుకున్నారు. గోడకి అటు వంటిల్లు, ఇటు బావి. వీళ్ళకి నీళ్ళుంటే పొయ్యి లేదు, వాళ్ళకి పొయ్యి ఉంటే నీళ్ళు లేవు. తమ్ముడు పెట్టె పట్టుకుని గడప దాటుతుండగా మందు వేళయింది. నా సగానికి నాలుగు. పెద్ద తోడికోడలుగా వేసినావిడ బాగా చేసింది. నోరు విప్పకుండానే ఇల్లంతా తిట్టింది.

ఫోను చెయ్యమంటావా అని ఇదివరకు అడిగారు, వద్దండీ. మీరు "బాగున్నావా" అంటారు, నేను "బాగున్నా" అంటాను, ఆపైన ఇద్దరం ఊపిరి వింటూ కూర్చుంటాం. పక్కన ఆవిడ ఉంటారు. ఉత్తరమైతే దిండు కింద పెట్టుకోవచ్చు.

వానలు ఇక్కడ తగ్గాయి. అక్కడో?

మీ
సగం టికెట్టు


ప్రియమైన సగం టికెట్టుకి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. హాలుకి రంగులు వేస్తున్నారు, అందరం ఆ పనిలో ఉన్నాం. డబ్బాల కింద ఉత్తరాలు పోతున్నాయి, ఇకమీద ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు అడ్రసుకి రాయి.

నీ అన్నదమ్ముల సంగతి. తమ్ముడు వెళ్ళిన రాత్రే అన్నకి దాహం వేసింది. బావి గోడకి అవతల ఉంది. అడగడానికి మొహం చెల్లలేదు. తెల్లారగానే గునపం తీసుకుని గోడలో ఒక్క ఇటుక ఊడదీశాడు. ఆ కన్నంలోంచి మరదలు చెంబు అందించింది. రోజుకో ఇటుక. తమ్ముడు తిరిగొచ్చేసరికి గోడ నడుమెత్తు ఉంది. పెట్టె దానిమీద పెట్టి, "ఇది తీసెయ్యకురా అన్నయ్యా, కూర్చోడానికి బాగుంది" అన్నాడు. అంతే, శుభం. పాట లేదు, ఫైటు లేదు. నా సగానికి అయిదుకి అయిదు.

గదులకి వెల్ల వేయించాను. పడమటి గదిలో కిటికీ పెద్దది. నీ దేవుడి పటాలకి తూర్పు గోడ ఖాళీగా ఉంచాను.

నీ
టార్చిలైటు


ప్రియమైన టార్చిలైటు గారికి,

ఎన్నడూ మూడు దాటని మీరు అయిదు వేశారా! పైకి చదువుతుంటే, మరదలు చెంబు అందించిన చోట హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళు ఒత్తుకున్నారు. "దుమ్ము" అన్నారు. నేనే గది తుడుస్తాను కాబట్టి అక్కడ దుమ్ము లేదని నాకు తెలుసు.

తూర్పు గోడ మాట మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఇక్కడ నా పటాలు పెట్టెలోనే ఉన్నాయి. ప్రొద్దున మూత తీసి దణ్ణం పెట్టుకుని మూసేస్తాను. పరాయి ఇంట్లో దేవుణ్ణి కూడా సర్దుకోమంటున్నాను.

ఈసారి సినిమా పడవది. మొగుడు దూరాన దీవిలో లైట్‌హౌసు కాపలా. నెలకోసారి పడవలో ఇంటికొస్తాడు. పెళ్ళాం వలలు అల్లుతూ ఉంటుంది. తుఫాను లేచింది, ఆ నెల పడవ రాలేదు. ఆవిడ రేవుమెట్ల మీద నిలబడి ఉండగా 'విశ్రాంతి'. మార్కులు వెయ్యడానికి చెయ్యి రాలేదండీ. మీ సగం త్వరగా రాయండి.

మీ
సగం టికెట్టు


ప్రియమైన సగం టికెట్టుకి,

కంగారు పడకు. అతనొచ్చాడు.

పడవ విరిగితే చెక్క పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. అది వేరే ఊరు. అక్కడినుంచి కాలినడకన బయల్దేరాడు. దారిలో దొరికిన పనల్లా చేశాడు, మూటలు మోశాడు, కొట్టు ముందు పడుకున్నాడు. వట్టి చేతులతో వెళ్ళడం ఇష్టంలేక రెండుసార్లు ఊరి పొలిమేరదాకా వచ్చి వెనక్కి పోయాడు. మూడోసారి కాళ్ళు మాట వినలేదు. తలుపు కొట్టాడు. ఆమె తీసి, "ఇంత తడిసి వచ్చారేమిటి, తల తుడుచుకోండి" అని తువ్వాలు ఇచ్చింది. ఎక్కడికి పోయావనిగానీ, ఏం తెచ్చావనిగానీ అడగలేదు. అన్నం వడ్డించేముందు గరిటె చేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని రెండు క్షణాలు నిలబడింది. అతను కంచం ముందు కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. అక్కడ ఆపేశారు.

దీనికి మార్కులు నువ్వే వెయ్యి.

నీ
టార్చిలైటు


ప్రియమైన మీకు,

నిన్న సెలవని మధ్యాహ్నం టీవీలో పడవ సినిమా మళ్ళీ వేశారు. మందుల వేళ కాదు కాబట్టి చివరిదాకా చూశాం.

అతను రాలేదండీ. ఆమె జుట్టు తెల్లబడేదాకా రేవుమెట్ల మీదే కూర్చుంటుంది. చివర్లో మెట్లు మాత్రమే చూపించారు.

హెడ్మిస్ట్రెస్ గారు నావైపు తిరిగి, "మీ ఆయన ఏ సినిమా చూశాడే?" అన్నారు. నేను లేచి టీవీ ఆపేశాను. ఆవిడే మళ్ళీ, "నలభై ఏళ్ళు పేపర్లు దిద్దాను. కాపీ కొట్టింది చూడగానే తెలుస్తుంది, సొంతంగా రాసింది కూడా తెలుస్తుంది. ఇది సొంతం" అన్నారు.

ఏమండీ, ఆ సినిమాలో ఆవిడ వడ్డించేముందు కళ్ళు మూసుకుని నిలబడదు. ఆవిడ దేవుణ్ణి తలుచుకోనే తలుచుకోదు. అలా నిలబడేది నేను. మీకు ఆకలేస్తుంటే విసుక్కునేవారు, "నీ దేవుడికి కూడా కంచం పెట్టు, త్వరగా తేలిపోతుంది" అని.

కొట్టు ముందు పడుకున్నది ఎవరు? హాలు నడుస్తోందా? గదులున్నాయా?

నాకు కోపం లేదు. నిజం రాయండి.

మీ
భార్య


ప్రియమైన నీకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. నాలుగుసార్లు కాగితం ముందు కూర్చుని లేచాను. ఈవేళ దర్జీ కత్తెర బల్లమీద పెట్టి, "బావా, రాస్తావా, నన్ను రాయమంటావా? నేను రాస్తే కొలతలతో సహా రాస్తాను" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

బస్సు డ్రైవరు సినిమాయే మా హాల్లో చివరి ఆట. ఆ మర్నాడు ఓనరుగారు అందరినీ పిలిచి హాలు అమ్మేశానన్నారు. పది రోజుల్లో తెర విప్పారు, కుర్చీలు లారీ ఎక్కించారు. తర్వాత పైకప్పు తీశారు. మేడమీది గదులకి వెల్ల వేయించానని నీకు రాసిన రోజున వాటికి గోడల్లేవు.

పగలు ధాన్యం గోదాము దగ్గర కాపలా చేస్తున్నాను. పడక దర్జీ కొట్లో. బట్టలు కత్తిరించే బల్ల కిందకి నేను సరిగ్గా సరిపోతానని అతనే కొలిచి చెప్పాడు.

నీ అన్నదమ్ముల ఉత్తరం వచ్చినప్పుడు హాలు మూసేశారని రాద్దామనే కూర్చున్నాను. "తమ్ముడు గడప దాటుతుండగా" అని రాసి వదిలావు. నువ్వు ఎదురుచూస్తుంటావు కదా. ముప్పై ఏళ్ళు రెండో సగాలు చూసినవాణ్ణి, ఒకటి కట్టలేనా అనిపించింది. కట్టాను. కట్టాక అందులో కాసేపు ఉండాలనిపించింది. గదులు కూడా అలాగే రాశాను. నిన్ను మోసం చేద్దామని కాదు. ఆ ఉత్తరం రాసేంతసేపూ నువ్వు పడమటి కిటికీ దగ్గర నిలబడే ఉన్నావు.

ఇప్పుడు తెలిసింది కదా. ఇక్కడ నిన్ను పిలవడానికి ఏమీ లేదు. నీకక్కడ గది ఉంది, ఫ్యానుంది, ఆవిడ మంచిది. అక్కడే ఉండు. నేను రాస్తుంటాను. ఇకమీద నిజమే రాస్తాను.

నీ
భర్త


ప్రియమైన మీకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత దేవుడి పెట్టె మూత తీసి కూర్చున్నాను. ఏమీ అడగలేదు. పద్దెనిమిది నెలలుగా, కాదు, ఇప్పటికి ఇరవైమూడు నెలలుగా ఒక్కటే అడుగుతూ వచ్చాను, ఆ రెండు గదులు ఇప్పించమని. తప్పు కోరానని ఈవేళ తెలిసింది. గదులడిగానుగానీ మిమ్మల్ని అడగలేదు. ఎక్కడ పడుకుంటున్నారో, ఏం తింటున్నారో ఒక్క ఉత్తరంలోనైనా గట్టిగా అడిగానా? గదుల మాట ఎందాకా వచ్చింది, వానలు తగ్గాయా అన్నాను. మీరు నిజం రాయడానికి చోటు లేకుండా చేసింది నేనే.

హెడ్మిస్ట్రెస్ గారికి మొత్తం చదివి వినిపించాను, ఒక్క ముక్క దాచలేదు. ఆవిడ మొదట, "అంత వయసొచ్చి అబద్ధాలా!" అన్నారు. ఆపైన, "నువ్వింకా ఇక్కడే కూర్చున్నావేం?" అన్నారు. నేను వెళితే మీకెవరు చేస్తారన్నాను. "కర్ర పట్టుకుని వీధి గుమ్మందాకా వెళుతున్నాను, కనపడ్డంలేదా? వచ్చేవారం మా చెల్లెలు వస్తోంది. దానికి నిద్ర పట్టదు, ఇద్దరం సినిమాలు పూర్తిగా చూసుకుంటాం, పో" అన్నారు. అని మొహం గోడవైపు తిప్పుకున్నారు. దుప్పటి కప్పబోతే, "నాకు చలిగా లేదు" అన్నారు. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడకి తెలియకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మీరు ఉండమన్నారు. పెళ్ళయిన ఇరవైతొమ్మిదేళ్ళలో మీ మాటకి ఎదురు చెప్పలేదని మీరే అందరికీ చెబుతారు. ఇప్పుడు చెబుతున్నాను. ఇక్కడ గది ఉంది, ఫ్యానుంది. ఉంటే ఏం చేసుకోను? సాయంత్రం గిన్నెలు సర్దాక ఈ గదిలో ఎవరితో మాట్లాడాలో తెలియక, తలుపు గొళ్ళెం వేసి ఉందో లేదో మూడుసార్లు చూసుకుంటాను.

దర్జీ గారిని ఆ చుట్టుపక్కల ఒక్క గది ఉందేమో కనుక్కోమనండి. కిటికీ లేకపోయినా సరే, ఏ గోడ తూర్పైనా సరే. దొరికేదాకా ఆయన భార్య దగ్గర నాలుగు రోజులు తలదాచుకుంటాను. కుట్టిన బట్టలకి గుండీలు కుట్టిపెడతాను, నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. గోదాములో మీకు మధ్యాహ్నం అన్నం ఎవరు తెస్తున్నారో రాయలేదు. ఎవరూ తేవడంలేదని అర్థమైంది.

శుక్రవారం పదకొండు గంటల రైలుకి వస్తున్నాను. పెట్టె ఒకటి, సంచి ఒకటి, నేను మోసుకోగలను. గోదాములో సెలవు దొరకదేమో, శ్రమ పడకండి అని మర్యాదకి రాద్దామనుకున్నాను. రాయను. స్టేషనుకి రండి.

మీ
ఇంటావిడ